రెండు సర్వర్లు, ఒకటే పేరు

ఆసుపత్రి కంప్యూటర్ల గదిలో పనిచేసే ఆవిడను అందరూ అనుమానాలక్క అంటారు. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. ఎవరేం చెప్పినా కళ్ళద్దాలు ముక్కుమీదకు జార్చి, "నిజంగానా?" అంటుంది. ఆ గదిలో రెండు సర్వర్లున్నాయి. ఒకదానిలో రోగుల అసలు వివరాలు, రెండోదానిలో కొత్త ఉద్యోగులు పని నేర్చుకోవడానికి పెట్టిన పాత నకలు. పేరు మారిస్తే సాఫ్ట్‌వేర్ మొరాయిస్తుందని రెండు డేటాబేసులకూ "రోగులు" అనే పేరే ఉంచారు.

ఆ ఉదయం మేనేజరు వచ్చి నకలును తుడిచేయమన్నాడు. ఆవిడ నకలు సర్వరు అడ్రసు కొట్టి తెరిచింది కానీ చెయ్యి కదపలేదు.

"ఇంకా ఏం చూస్తున్నారు? నకలే కదా!"

"పేరు చూసి ఎలా నమ్మమంటారు సార్?" అంటూ వార్డుకు ఫోన్ చేసింది. "సిస్టర్, ఇవాళ కొత్తగా ఎవరు చేరారు?"

"మూడేళ్ళ పాపండీ. పెన్సిలిన్ పడదట. ఇప్పుడే కంప్యూటర్లో ఎక్కించాను."

ఆ పాప వివరాలు ఆవిడ తెరమీదే ఉన్నాయి. అది నకలు కాదు, అసలుదే.

మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి. "నిన్న సర్వర్ల అడ్రసులు సరిచేసిందెవరు? ఒకదానిది ఇంకోదానికి పెట్టేశారు!"

ఆవిడ జారిన కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "నేనే సార్."

అప్పట్నుంచీ ఏది తుడిచేయాల్సి వచ్చినా ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. "నా మీద ఓ కన్నేసి ఉంచండి," అని మరీ చెబుతుంది.