బస్సు ఎత్తు చూసే మా మేస్త్రి

పోయిన శుక్రవారం దోర్నాలలో యాత్రికులను టిఫినుకు దింపి నిలబడి ఉంటే ఫోన్ వచ్చింది. మార్కాపురంలో మా మేస్త్రి పోయారట. ఎక్కించుకున్నవాళ్ళను శ్రీశైలం చేర్చాలి కదా, వెనక్కి తిరగలేకపోయాను. మట్టికి అందలేదు. తలుచుకుంటే నా మీద నాకే మంటగా ఉంది.

చక్రాల మీద ఇనుప కమాన్ పట్టీలకు బదులు గాలి నింపిన రబ్బరు బెలూన్ల మీద నిలిచే బస్సు నాది. రెండు పక్కలా ఎత్తు సమంగా లేకపోతే ఒరుగుతుంది. కొన్న కొత్తలో ఎడమకు ఒరిగిందనుకుని మా వీధిలోనే ఎత్తు సరిచేసే నట్టు తిప్పేశాను. మర్నాడు ఘాట్ మలుపుల్లో సగం బస్సు వాంతులు చేసుకుంది. మేస్త్రి వచ్చి నన్నూ వీధినీ మార్చి మార్చి చూశారు.

"వాలింది మీ వీధిరా, బండి కాదు. నట్టు ఎందుకు తిప్పినావు?"

పలకల ఫ్యాక్టరీ సిమెంటు గచ్చు మీదికి తోలించారు. ఊళ్ళో ఆయన నమ్మే నేల అదొక్కటే. అక్కడా చెంబెడు నీళ్ళు పోసి, ఎటూ పారలేదని చూశాకే పని. ఖాళీ బస్సు బెలూన్లలో గాలి పూర్తిగా నిండనిచ్చి, ఇరుసు నుంచి పైన ఛాసిస్ చట్రం దాకా రెండు పక్కలా టేపు పట్టేవారు. తేడా ఉంటే నట్టు తిప్పి, బెలూన్లకు గాలి వదిలే వాల్వు కడ్డీ పొడవు కాస్త మార్చి, టీ తాగొచ్చి మళ్ళీ కొలిచేవారు. "బండి కుదురుకోనీ, నీకేంది తొందర?" అనేవారు. ఇనుప స్టాండ్లు పెట్టకుండా నేను కిందికి దూరితే కాలు పట్టుకుని బయటికి లాగేవారు.

"గాలిని నమ్మి పండుకుంటావేంది? నీ పెండ్లానికి నేనేం చెప్పాల?"

రెండేళ్ళుగా కిడ్నీల జబ్బు. కాళ్ళు వాచి వంగలేకపోయేవారు. కుర్చీలో కూర్చుని నాతో చేయించేవారు, నాకేమో పట్టుబడలేదు. చివరిసారి ఎంత తిప్పినా వేలెడు తేడా మిగిలింది. ఆయన లేవబోయి, లేవలేక కూలబడ్డారు.

"నా చేతులు ఊడదీసి ఇచ్చేట్టుంటే ఇచ్చేవాణ్ణిరా" అన్నారు.

ఆయన ఒంటికి నేనేమీ చేయలేను, నా బస్సుకు ఆయనేమీ చేయలేరు. ఆ తేడాతోనే నేటికీ నడుపుతున్నాను. వేరే ఇద్దరు మేస్త్రులకు చూపించాను, కుదరలేదు.

నిన్న పలకరింపుకు వెళ్ళి బస్సు వాళ్ళింటి ముందే ఆపాను. గడపలో కూర్చున్న ఆయన భార్య చాలాసేపు దాన్నే చూసింది.

"మీ అన్న నిద్దట్లో గూడ నీ బండే కలవరించినాడు నాయనా. ఒరుగు పోయిందా?"

"పోయింది వదినా" అన్నాను.

ఆమె నమ్మింది. వెనక్కి తిరిగి, లోపల ఖాళీ మంచం వైపు చూస్తూ, "విన్నావా, సరైపోయిందంట" అని చెప్పింది.