చల్లని డబ్బా

ఆ రోజు ఖమ్మంలోని మా ల్యాబ్ బల్ల మీద మైక్రోస్కోపు, వ్యాక్సిన్ డబ్బా, అందులో నాలుగు ఐసు ప్యాకులు, వాటి నడుమ వీర్యం సీసా ఉన్నాయి. ఎదురుగా కారేపల్లి హెల్త్ అసిస్టెంటు, ఆయన మామ. అసిస్టెంటుకు పెళ్లై ఏడేళ్లయినా పిల్లల్లేరు.

అడవి పల్లెలకు ఆ డబ్బాలోనే పోలియో చుక్కలు మోసే ఆయన, మాటకోసారి మూత నొక్కి చూసుకుంటున్నాడు.

మైక్రోస్కోపులో చూసి, ఒక్క వీర్యకణమూ కదలడం లేదని చెప్పాను.

"అయితే నా బిడ్డను తోల్కపోత," అన్నాడు మామ.

"ఆగు పెద్దాయనా. ఐసులో పెడితే గట్లనే అయితది. ఒంటి వేడి మీద తేవాలె. నూటికి నలబై కదిలితే చాలు," అన్నాను.

"ఎండకు చెడిపోతయనుకున్న తమ్మీ," అన్నాడు అల్లుడు, మూత నొక్కుతూ.

మరుసటి వారం సీసాను చంకలో పెట్టుకొని, మామను బండెక్కించుకొని వచ్చాడు. డబ్బా లేదు. చెయ్యి మాత్రం చొక్కా మీద నొక్కుతూనే ఉంది.

కదిలేవి, నూటికి యాభై ఎనిమిది.