మలుపులో సిలువకి నూరేళ్ళు

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగమ్మాయి, "అన్నా, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని, వై టూ కే అని అంత హడావిడి చేశారట, చివరికి ఏమీ అవలేదటగా?" అని అడిగింది. అవునన్నాను. ఏమీ అవలేదనడం మా బ్యాచికి మర్యాద. బవేరియాలో ఒక పల్లెటూళ్ళో మాత్రం ఒకటి అయింది. చేసింది నేనే.

అప్పట్లో ఇక్కడే, ఆస్ట్రేలియాలోని పారమట్టాలో ఒక ముసలి జర్మన్ ఆయన ఇంట్లో వెనక గదిలో నేనూ, గుంటూరు నుంచి వచ్చిన మా రూమ్మేటూ అద్దెకుండేవాళ్ళం. ఆయన్ని అంకుల్ అనేవాళ్ళం. ఆయన మా ఇద్దర్నీ కలిపి 'కంప్యూటర్' అని ఏకవచనంలో పిలిచేవాడు. భార్య పోయింది, చూపు సగం పోయింది, మిగిలింది కుర్రతనంలో వదిలి వచ్చిన ఊరు. దాని చరిత్ర నోటుబుక్కులో రాసుకున్నాడు. టైపు చేసిపెడితే ఆ ఊరి చర్చికి పంపుతానన్నాడు. నాకు జర్మన్ ఒక్క ముక్క రాదు, కానీ అర్థం కాకుండా టైపు చేయడం ఆఫీసులో అలవాటే. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన నా పక్కన కూర్చుని ఇంగ్లీషులో ఊరు చూపించేవాడు. ఉల్లిపాయ ఆకారంలో చర్చి గోపురం, మూడుసార్లు కాలిందట. పక్కనే మంటలార్పే బండి పెట్టే కొట్టం, అదీ కాలిందట. ఒకవైపు పాలు పోసే ఇల్లు, ఎదురుగా బీరు కాచే ఇల్లు. ఊరి మగవాళ్ళు మొదటిదానికి వెళ్తున్నామని చెప్పి రెండోదానిలో తేలేవారట. ఊరి చివర మలుపులో ఒక కొయ్యసిలువ. అక్కడికి వచ్చేసరికి గొంతు తగ్గేది. తొమ్మిదేళ్ళ తమ్ముడు అక్కడే ఎండుగడ్డి బండి మీంచి పడి చక్రం కింద పోయాడు. అమ్మ ఆ సిలువ పెట్టించింది. వాళ్ళ మనుషులెవరూ ఇప్పుడా ఊళ్ళో లేరు. పుస్తకమంతా ఆ ఒక్క పేరా కోసమేనని, రాయకపోతే అది ఎవరి సిలువో చెప్పేవాడుండడని ఆయన భయం.

నోటుబుక్కులో ఏళ్ళన్నీ రెండంకెలే. వారమంతా నా ఉద్యోగం రెండంకెల్ని నాలుగు చేయడమే కదా, ఆయన్ని అడగడమెందుకు? చరిత్రంటే పాతదేగా అని అన్నిటి ముందూ పద్దెనిమిది తగిలించే చిన్న ప్రోగ్రాం రాశాను. రూమ్మేటు తొంగిచూసి, "టెస్ట్ చేశావా లేదా?" అన్నాడు. "క్లయింట్ చూసి సరేనని సైనాఫ్ ఇచ్చాడ్రా," అన్నాను. క్లయింటంటే అంకులే, భూతద్దం పెట్టి గోపురం బొమ్మ ఒక్కటే చూశాడు. పుస్తకం ఆ ఊరి చర్చికి వెళ్ళిపోయింది.

కొత్త సంవత్సరం వచ్చింది. లిఫ్టులు ఆగలేదు, విమానాలు రాలలేదు. మే నెలలో ఆ ఊరి నుంచి కవరు వచ్చింది. ఈ మధ్యే వచ్చిన పాదిరిగారు మా పుస్తకం చూసి, ఏడులో మొదటి రెండంకెలు చెరిగిపోయిన సిలువకి కొత్త రంగు వేయించి ఫొటో పంపారు. తమ్ముడి పేరు కింద పద్దెనిమిది వందల నలభై ఐదు. అంకుల్ భూతద్దం చాలాసేపు అక్కడే ఉంచాడు. తప్పు నాదేనని చెప్పి, వెంటనే సరిచేయమని ఉత్తరం రాద్దామన్నాను.

"రాయి," అన్నాడు. భూతద్దం పక్కన పెట్టి, "వాడు నాకంటే రెండేళ్ళు చిన్న. ఇప్పుడు నేను పుట్టకముందే పోయాడన్నమాట," అన్నాడు.

ఆ రాత్రే ఉత్తరం టైపు చేశాను, ఈసారి నాలుగంకెలూ ఆయన్నే అడిగి.

ఉత్తరం వెళ్ళింది. మళ్ళీ రంగు వేసేది వేసవి మధ్యలోనని జవాబొచ్చింది. అక్కడి వేసవి ఇక్కడి చలికాలం. ఆ చలికాలం అంకుల్ దాటలేదు. సిలువ మీద అంకెలు మార్చారో లేదో నేను మళ్ళీ అడగలేదు. పద్దెనిమిదా, పంతొమ్మిదా అన్నది మా పేచీ. ఆయనకి అది ఏ ఏడూ కాదు. తమ్ముడు పొద్దున బండెక్కాడు, ఇంకా ఇంటికి రాలేదు.