మా అత్త మళ్లీ మళ్లీ చదివించుకున్న కథ

నేను కాపురానికి వచ్చింది మైదుకూరు దగ్గర ఒక నేతగాళ్ల ఊరికి. పుట్టిల్లు రాజంపేట పక్కన. మా నాయన పట్టుబట్టి నన్ను నాలుగో తరగతి దాకా బడికి పంపాడు. అత్తవారింట్లో ఆ సంగతి చెప్పుకోవడానికి మాత్రం భయంగా ఉండేది. చదువుకున్న పిల్ల నూలు కండెలేం చుడుతుందని మా అత్త ఎవరితోనో అంటుండగా పెళ్లిపందిట్లోనే విన్నాను.

అత్త తక్కువ మాటల మనిషి. పొద్దున రాట్నం ముందు కూచుందంటే, మగ్గం మీదున్న మామకూ మా ఆయనకూ కండెలు చుట్టి అందిస్తూ, సంగటి వేళ దాకా లేచేది కాదు. నేను ఎదురుగా కూచుని నూలు చిక్కులు తీసేదాన్ని. ఇద్దరి మధ్యా మాటలుండేవి కావు.

ఒకరోజు ఆమె గూట్లోంచి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మామ ఎప్పుడో తిరునాళ్లలో అట్ట మీది బొమ్మ చూసి మనసుపడి కొన్న కథల పుస్తకం. ఇంట్లో ఎవరికీ అక్షరం రాదు కనుక దాన్ని విప్పి చదివినవాళ్లే లేరనుకున్నాను.

“నీకు చదువొచ్చంట గదమ్మీ. ఈ బొమ్మ ఉండే కత చదువు” అంది. బొమ్మలో ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని నడుస్తోంది.

అది కరువు కథ. ఊళ్లో బావులెండిపోతే తల్లి బిడ్డతో నీళ్లు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. చదువుతూ పోతుంటే రాట్నం చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూశాను. అత్త దారం చేత్తో పట్టుకుని నా ముఖం వంకే చూస్తోంది. కింది పంక్తిలో, బిడ్డ తల్లి భుజం మీదే కన్నుమూసిందని ఉంది. ఆ మాట నా నోట రాలేదు.

“అంతలో గొర్రెలు తోలుకొస్తున్న ఒక అవ్వ ఎదురైంది. ముంతలోని మజ్జిగ బిడ్డ నోట్లో పోసింది. బిడ్డ కళ్లు తెరిచింది” అని, అచ్చులో ఉన్నదాన్ని చదువుతున్నట్టే చదివి పుస్తకం మూసేశాను. కాసేపటికి రాట్నం మళ్లీ తిరిగింది.

మూడు రోజులు తిరక్కుండానే మళ్లీ అదే కథ చదవమంది. ఆ తర్వాత వారం వారం అదే. రాజుల కథలు, దొంగల కథలు చదివితే, “బాగుండాదిలే, మన కత చదువు” అనేది. ఒకసారి నేను పరాకున మజ్జిగ అనబోయి పాలు అన్నాను.

“మజ్జిగ గదా?” అంది వెంటనే.

ఆనాటి నుంచి నా అబద్ధాన్ని మాట పోకుండా కంఠస్థం చేసుకున్నాను. పెద్దామెను మోసం చేస్తున్నానన్న బాధ మాత్రం పోలేదు.

ఏళ్లు గడిచాయి. యుద్ధం రోజులొచ్చి నూలు దొరక్క మగ్గం చాలాసార్లు ఖాళీగా ఉండేది. ఆ తీరికలో మా చిన్నాడబిడ్డకు అక్షరాలు నేర్పాను. తెలివైన పిల్ల. ఒక మధ్యాహ్నం పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. అత్త అక్కడే వేరుశనక్కాయలు ఒలుస్తోంది.

“వదినా, ఇన్నాళ్లూ అబద్ధం చదివినావు! ఇందులో అవ్వ లేదు, గొర్రెలు లేవు. బిడ్డ సచ్చిపోతాది!”

తల దించుకుని, “తప్పయిపోయింది అత్తా” అన్నాను.

అత్త చేతులు దులుపుకుంది. “నాకు తెలుసులే అమ్మీ. నువ్వు రాకముందే బడి ఐవోరు మన అరుగు మీద కూచోని చదివినాడు ఆ కత. ఆయప్ప చదివితే బిడ్డ సచ్చిపాయ. నువ్వు చదివితే బతికె. అందుకే నీతోనే చదివించుకుంటాండా.”

ఆడబిడ్డ నిలబడి చూస్తోంది. అత్త ఆ పిల్లను పక్కన కూచోబెట్టుకుంది.

“మీకు పెద్దక్క ఒకతి ఉండె. కరువులో రాయచోటి దావలో పోయింది, నా బుజం మీదనే. మాకు ఎవరూ ఎదురు రాల్యా.”

మా ఆయన కూడా ఎన్నడూ నాకు ఆ మాట చెప్పలేదు. నేను కల్పించి చదివిన ఆ మూడు వాక్యాలను పుస్తకం అంచున సిరాతో రాసిపెడతానన్నాను. “వద్దులే. అచ్చులో ఉండేది అట్లనే ఉండనీ” అంది.

ఆ తర్వాత కూడా కథ అడిగేది. అయితే చాలాసార్లు సగం చదవకముందే ఆమె ఆ పెద్దబిడ్డ మాటల్లో పడేది. పోయేనాటికి ఆ పిల్లకు మూడేళ్లట. ఎత్తుకుంటే అమ్మ చెవి కమ్మ పట్టుకుని లాగేదట. వానచినుకు పడితే నాలుక చాపేదట. నేను పుస్తకం పక్కన పెట్టి వినేదాన్ని.