నడుము మీద అత్తగారి తేలు

ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి నేను. నా ఒంట్లో చదువుతో పరిచయమున్న భాగం ఏదైనా ఉందంటే అది నా నడుమొక్కటే. దాన్ని ముగ్గురు డాక్టర్లు చదివారు. ఒక పొద్దున పదిమంది డాక్టరు చదువుకునే పిల్లలు మంచం చుట్టూ నిలబడి, దాన్ని చూసి నోట్సు రాసుకున్నారు. నేను మాత్రం ఇప్పటికీ దాన్ని సరిగ్గా చూడలేదు. అద్దంలో చూద్దామని వెనక్కి తిరిగితే మెడ పట్టేస్తుంది. దానికి మళ్ళీ వేరే డాక్టరు.

ఆ నడుము మీద ఒక తేలుంది. పచ్చబొట్టు తేలు. అరచేయంత ఉంటుంది. తల పైకి పెట్టి, వెన్నెముకకు ఆ పక్క నాలుగు కాళ్ళు, ఈ పక్క నాలుగు కాళ్ళు చాపి, కొండి కిందికి దింపి చివర్లో కుడివైపుకు మెలి తిప్పి ఉంటుంది. దాన్ని పొడిచింది మా అత్త. అప్పటికి ఆమె ఇంకా మా అత్త కాదు.

తొంభైల్లో నేను కె.ఆర్.పురం సంతలో మూటలు దింపేవాణ్ణి. సంత చివర, కుండలు అమ్మేవాళ్ళ పక్కన, గోనెపట్టా పరుచుకుని ఒకామె పచ్చబొట్లు పొడిచేది. మూడు సూదులు దారంతో బిగించి కట్టి, దీపపు మసిలో గుంటగలగరాకు పసరు కలిపి పొడిచేది. ఆమె కూతురు పక్కన కూర్చుని ఆ ఆకు నూరేది. ఆకు నూరడం ఎలాగో చూసి నేర్చుకుందామని నేను మూడు సంతలు వెళ్ళాను. నాలుగో సంతకు తల్లి తలెత్తి, పొడిపించుకునేదుంటే కూర్చో, లేకుంటే వెలుతురు వదిలి నిలబడు అంది.

చెయ్యి మీద పేరయితే పావుగంటలో అయిపోతుంది. పావుగంట నాకేం సరిపోతుంది. అందుకని నడుము నొప్పి అన్నాను. నొప్పి ఉన్నచోట పచ్చబొట్టు పొడవడం పాతకాలం వైద్యం. మోకాలికి చుక్కలు, నుదుటికి గీత, నడుముకైతే తేలు. కుట్టే జీవి కాపలా ఉంటే నొప్పి ఆ దరిదాపులకు రాదని వాళ్ళ లెక్క. తేలుకు రెండు సంతలు పడుతుందని ఆమె చెప్పింది. నాకు కావలసింది అదే.

బోర్లా పడుకున్నాను. మొదటి పోటుకే నాకు ఆకూ గుర్తు లేదు, ఆకు నూరే పిల్లా గుర్తు లేదు. భయం వేస్తే నాకు మాటలు వస్తాయి. కొందరికి చెమట పట్టినట్టు. రెండు సంతలూ ఆపకుండా వాగాను. రెండో సంతలో ఆ పిల్ల నవ్వింది, ఏడాది తిరక్కుండా మా పెళ్ళయింది. లేని నొప్పికి వైద్యం చేయించుకుని పెళ్ళాన్ని తెచ్చుకున్నవాడు బెంగుళూరులో నేనొక్కణ్ణే అనుకుంటాను.

ఇక్కడ ఒక్క సంగతి నవ్వకుండా చెప్పాలి. ఆ తేలే ఆమె ఆఖరి పెద్ద పని. మా పెళ్ళయిన ఏడాదే కంట్లో పొర కమ్మింది. పొర తీయించుకునేసరికి చెయ్యి వణకడం మొదలైంది. సంతలోకి పచ్చబొట్లు పొడిచే కరెంటు మిషను వచ్చింది. కుర్రకారు డ్రాగన్ కావాలన్నారు, ఆమె ఆ జంతువును ఎన్నడూ చూడలేదు. సూదులు గుడ్డలో చుట్టి పెట్టేసింది. ఇల్లు కట్టినవాడి పని నిలబడి ఉంటుంది, కుండ చేసినవాడి పని పగిలేదాకా ఉంటుంది. పచ్చబొట్టు మాత్రం పొడిపించుకున్న మనిషితో పాటే కాటికి పోతుంది. ఆమె పొడిచిన పెద్దవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కన్నకూతురికి పొడుద్దామంటే సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. నలభై ఏళ్ళ పనితనంలో ఆమెకు అందుబాటులో మిగిలిన ముక్క ఒక్కటే, అది నా నడుము మీద ఉంది.

అదీ ఆమె చూసుకోవడానికి లేదు. వాళ్ళ ఆచారంలో అత్త అల్లుడికి ఎదురుపడదు. మా ఇంటికొస్తే తలుపు వెనక నిలబడి కూతుర్ని అడిగేది, తేలు ఎట్లుండాదే అని. అందరి అత్తలూ అల్లుడి బాగోగులు అడుగుతారు. మా అత్త తేలు బాగోగులు అడిగేది. నేను బతికున్న సంగతి ఆ జవాబులోనే తెలిసిపోయేది.

రెండువేల సంవత్సరం దాటాక మారతహళ్ళిలో అపార్టుమెంట్లు లేచాయి. నేను టెంపో పెట్టుకుని ఇళ్ళు మార్చే పనిలోకి దిగాను. కంప్యూటర్లవాళ్ళు పదకొండు నెలలకొకసారి ఇల్లు మారతారు. మారినప్పుడల్లా సామాను పెరుగుతుంది, లిఫ్టు మాత్రం అప్పుడే చెడిపోతుంది. ఒకరోజు రెండు తలుపుల ఫ్రిజ్జు వీపున వేసుకుని నాలుగో అంతస్తుకు ఎక్కుతూ మూడో అంతస్తులో వంగినవాణ్ణి వంగినట్టే ఆగిపోయాను. ఇంటాయన పరిగెత్తుకుంటూ వచ్చి, ఫ్రిజ్జుకేం కాలేదు కదా అని అడిగాడు. పన్నెండేళ్ళ కింద నేను పేరు పెట్టి పిలిచిన నొప్పి, ఇల్లు వెతుక్కుంటూ సరిగ్గా తేలు కిందికే వచ్చింది.

నెల మందులు మింగాను. ఎడమ కాలు మొద్దుబారింది. ఆ కాలి బొటనవేలు నా మాట వినడం మానేసింది. ఇంట్లో నా మాట వినేది అదొక్కటే. స్కాను తీసి, డిస్కు జారి నరం మీద కూర్చుందని, కోసి తీయాల్సిందేనని చెప్పారు.

కోసే డాక్టరు చందాపుర వైపు మనిషి. తెలుగు, కన్నడం కలిపి మాట్లాడతాడు. నన్ను బోర్లా పడుకోబెట్టి, మూడంగుళాలు ఇట్లా అని వేలితో పైనుంచి కిందికి గీశాడు. సార్, తేలుంది, చూసుకుని చెయ్యి పెట్టండి అన్నాను. ఆయన నవ్వాడు. నా భార్య నవ్వలేదు. ఆ వేలు తేలు తల దగ్గర మొదలై, నడిమధ్యగా దాన్ని రెండు చీలికలు చేస్తూ కొండి దాకా దిగడం ఆమె చూసింది.

మర్నాడు మా అత్త వచ్చింది. వార్డు తలుపు అవతల నిలబడి కూతురితో కబురు పంపింది, పక్కనుంచి కోయమని. ఎముక మధ్యలో ఉందమ్మా, పక్కదారి లేదు అని డాక్టరు కబురు తిప్పి పంపాడు. ఈసారి తలుపు అవతలనుంచి ఆమె గొంతే నేరుగా వినిపించింది.

"కొండి చీలితే అది తేలు కాదు, రొయ్య. నేను రొయ్య పొడవలేదని చెప్పు ఆయప్పకు."

డాక్టరు నవ్వి, జాగ్రత్తగా చేస్తానని మాటిచ్చాడు. ఆమెకు నమ్మకం కుదరలేదు. పన్నెండేళ్ళు మూటలు రాచుకుని, చెమటలో నాని, తేలు నరాల రంగుకు తిరిగిపోయిందని కూతురు చెప్పింది. గీత కనపడితే కదా కాపాడేది అనుకుంది ఆమె. ఆసుపత్రి వెనక కాలువ గట్టున గుంటగలగరాకు దొరికింది. పాత గీతలు మళ్ళీ తేలాలని దాన్ని పసుపుతో కలిపి నూరి, టిఫిను డబ్బాలో పెట్టి పంపింది. సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళాక నా భార్య దాన్ని నా నడుముకు దట్టంగా పట్టించింది. చల్లగా హాయిగా ఉంది. నేనూ కాదనలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నా నడుము పట్టిన సందర్భాలు తక్కువ.

పొద్దున ఆపరేషనుకు తయారుచేద్దామని పెద్ద నర్సు చొక్కా ఎత్తింది. రెండడుగులు వెనక్కి వేసింది. నడుమంతా ఒకచోట నలుపు, ఒకచోట పసుపు, ఒకచోట ముదురాకుపచ్చ. పైగా ఆకు పడక దద్దురు లేచింది. ఏమిటిది అని కన్నడంలో అడిగింది. తేలుకు నిన్న సాయంత్రం మేత పెట్టాం అన్నాను. ఆమెకు నచ్చలేదు. ఆ చర్మం మీద కత్తి పెట్టరాదని ఆపరేషను మూడు రోజులు వాయిదా వేశారు. డాక్టరు నా భార్యను నిలబెట్టి తిట్టాడు. ఆమె తలుపు వైపు చూస్తూ తిట్లు తింది, పేరు చెప్పలేదు. నేనా మూడు రోజులూ బొటనవేలితో మాట్లాడుతూ పడుకున్నాను. అది పలకలేదు.

మూడో రోజుకు దద్దురు తగ్గింది. రోజుకు రెండుసార్లు కడిగి తుడిచిన తుడుపుకు మరకలన్నీ పోయి, పాత గీతలు మాత్రం కొత్తగా పొడిచినట్టు బయటపడ్డాయి. డాక్టరు చాలాసేపు చూశాడు. ఆ ఆకు నూరింది తలుపు అవతలామే అయి ఉంటుంది, పిలవండి అన్నాడు.

అత్త తిట్లకు సిద్ధపడి వచ్చి, మంచానికి కట్టిన తెర అవతల నిలబడింది. డాక్టరు తిట్టలేదు. జేబులోంచి గుర్తులు పెట్టే పెన్ను తీశాడు. కోయబోయే గీతకు అడ్డంగా చిన్న చిన్న గీతలు గీస్తానని, కుట్టేటప్పుడు ఈ పక్క గీతకు ఆ పక్క గీత కలిపితే బొమ్మ పక్కకు జరగదని వివరించాడు. ఎక్కడెక్కడ పెట్టాలో మీరే చెప్పండమ్మా అన్నాడు.

తెర వెనకనుంచి ఆమె చెప్పడం, తెర ముందు ఆయన గీయడం. మొదటి జత కాళ్ళ దగ్గర ఒకటి. మెడ దగ్గర ఒకటి. కొండి మొదట్లో ఎక్కడ అనేదానికి మాటలు చాల్లేదు. ఇంకొంచెం కింద, అంత కింద కాదు, ఆడ కాదు సార్ అంటూ నాలుగుసార్లు చెప్పి, ఉన్నట్టుండి తెర పక్కకు లాగి లోపలికి వచ్చేసింది. నా భార్య ఉలిక్కిపడి ఊపిరి లాగిన చప్పుడు నాకు వినిపించింది. పన్నెండేళ్ళ తర్వాత మా అత్త తన తేలును చూసింది.

నా ముఖం దిండులో ఉంది. పైన ఏం జరుగుతుందో కనపడదు. రెండు ఊపిర్లు మాత్రం నడుముకు తగులుతున్నాయి. భయం వేసింది, మాటలు వచ్చాయి. సార్, అక్కడే ఇంకో తేలుకు కూడా జాగా ఉందేమో చూడండి అని మొదలుపెట్టాను. ఇద్దరూ ఒకేసారి నోరు మూసుకోమన్నారు, ఆయన కన్నడంలో, ఆమె తెలుగులో.

"ఇక్కడితో ఆపుతానమ్మా," అన్నాడు డాక్టరు. "మెలికకు కత్తి తగలదు. చాలా?"

"చాలు సార్. మేమూ పొడిచే ముందు పుల్లతో ఇట్లే గీసుకుంటాం," అంది ఆమె. ఆ గొంతులో ఉన్న మర్యాద నాకు ఎన్నడూ దక్కింది కాదు.

మర్నాడు ఆపరేషను. మత్తు ఇచ్చేవాడు అంకెలు లెక్కపెట్టమన్నాడు. ఏడు దాకా వచ్చాను, బడిలో కూడా అంతవరకే అని చెప్పబోయాను. చెప్పానో లేదో తెలియదు. కళ్ళు తెరిచేసరికి నా భార్య కాళ్ళ దగ్గర నిలబడి ఏడుస్తూ నవ్వుతోంది. బొటనవేలు కదిలిందట. నన్నడక్కుండానే కదిలింది, అయినా క్షమించాను. తలుపు అవతలనుంచి తేలు ఎట్లుండాదే అని వినిపించింది. తేలు కట్టు కింద ఉంది. ఎట్లుందో ఎవరికీ తెలియదు.

కుట్లు విప్పేదాకా పన్నెండు రోజులు. ఆమె రోజూ వచ్చింది. తలుపు దగ్గర నేల మీద కూర్చుని, కూతురితో ఆ మాటా ఈ మాటా చెబుతూ, నర్సు కట్టు మార్చడానికి వచ్చినప్పుడల్లా మాట ఆపేసేది. ఇంటికి వెళ్ళాక అన్నం సరిగ్గా తినడం లేదని తర్వాత తెలిసింది. నా నడుము గురించి అంత బెంగ పెట్టుకున్న మనిషి ఇంకొకరు లేరు. నాతో కలిపి.

కుట్లు విప్పిన రోజు డాక్టరు తనే వచ్చి ఆమెను లోపలికి పిలిచాడు. ఆమె దళసరి కళ్ళద్దాలు సవరించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగింది. కాళ్ళు లెక్కపెట్టింది. ఎనిమిది. కొండి మెలిక చెక్కుచెదరలేదు. మధ్యలో నిలువునా సన్నటి గీత, తలకు పాపిడి తీసినట్టు. డాక్టరు చేతులు కట్టుకుని, పరీక్ష రాసి బయట నిలబడ్డ పిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు.

"ఎడమపక్క కాళ్ళు గోధుమగింజంత దిగినాయి," అంది చివరికి. "పోనీలే సార్, మనిషీ ఆ పక్కే కుంటుతాండాడు. సరిపోయింది."

డాక్టరు గట్టిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు గానీ, బయటికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టిందట. ఆ పూట ఇంట్లో రెండుసార్లు అన్నం పెట్టించుకుందట.

నెల తర్వాత చేతికర్రతో వరండాలో నడుస్తున్నాను. అత్త మళ్ళీ పాత పద్ధతిలోకి వెళ్ళిపోయి తలుపు వెనక కూర్చుని కందులు చెరుగుతోంది. నాకు ఊరుకుంటే తోచదు కదా. అత్తా, నడుము నాది కాబట్టి తీర్పూ నేనే చెప్పాలి అన్నాను. పొడిచింది నువ్వు, చీల్చి మళ్ళీ అతికించింది ఆయన, ఎట్లా చూసినా మీ ఇద్దరిలో గొప్ప పనివాడు ఆయనే అన్నాను.

చేట చప్పుడు ఆగింది.

"ఆయప్పదేముంది. నీకు మత్తిచ్చి, నోరు మూయించి, అప్పుడు చేసినాడు పని. నేను నువ్వు మాట్లాడతా ఉంటేనే చేసినా."