లెక్క రాసిన రోజు ఎవరూ దాటలేదు

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది.

మా ఊరు కట్టంగూర్ దగ్గర, పెద్ద రోడ్డు పక్కన. ఇళ్లు ఈ వైపు, పొలాలు ఆ వైపు. నడుమ డివైడర్‌కు ఒక సందు ఉంది. ఊరంతా అక్కడే దాటుతుంది. మా ఆయన గడ్డిమోపు కట్టిన సైకిల్ నెట్టుకుంటూ అక్కడే లారీ కింద పడ్డాడు. దాటకూడని చోట దాటాడని, తప్పంతా ఆయనదేనని పోలీసులు రాశారు. ఆ సందు కింద నడిచేవాళ్లకు ఒక దారి తవ్వండని అప్పటినుంచి నల్లగొండ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను.

నిరుడు రోడ్డు మీద పరిశోధన చేసేవాళ్లు వస్తున్నారని తెలిసింది. ముందు రోజే సర్పంచ్ మైకులో చెప్పాడు.

"రేపు పట్నం సార్లు వస్తున్నరు. సందుల నుంచి ఎవ్వలు దాటొద్దు. అందరు బ్రిడ్జి కింది నుంచే పోవాలె. ఊరి ఇజ్జత్ తియ్యకుండ్రి."

పెద్దసార్లు వస్తున్నారంటే రాత్రికి రాత్రే మురుగు మోరీలు కూడా కడిగే ఊరు మాది. రోడ్డు కింది నుంచి దాటే ఆ బ్రిడ్జి చాలా దూరం. అయినా అందరం చుట్టూ తిరిగే పోయాం. నేనూ పోయాను. మా ఆయన మీద పడ్డ మాట ఊరి మీద పడొద్దనుకున్నాను. అలా పోయినందుకే ఇప్పటికీ నా కడుపుమంట.

"ఇజ్జత్ దక్కింది గని అక్కా, నా మోకాళ్లు పోయినయ్," అంది వెనక నడుస్తున్న నా తోటికోడలు.

సాయంత్రం గడ్డిమోపుతో బ్రిడ్జి చుట్టూ తిరిగొచ్చి, ఊరి వైపు సందు దగ్గర ఆగాను. అక్కడ కుర్చీలో ఒక అమ్మాయి కాగితాలు సర్దుకుంటోంది.

"ఏం రాసినవ్ బిడ్డా?"

"ఎంతమంది దాటుతారో లెక్క రాశామమ్మా. ఎక్కువమంది ఉంటేనే కింద దారి అడగొచ్చు. ఇక్కడ ఒక్కరూ దాటలేదు."

ఆమె కాగితం మీద వేలు పెట్టాను.

"రోజు ఊరంత గీడనే దాటుతది. మీరున్నరని ఇయ్యాల దాటలే. నా పెనిమిటి పాణం పోయింది గూడ గీడనే. గది రాయి."

"చూసిందే రాయాలమ్మా."

"గట్లయితే నన్ను సూడు."

మోపు అక్కడే దించి దాటాను. రెండు లారీలు హారన్ కొట్టుకుంటూ పోయాయి. అవతలి గట్టు నుంచి అరిచాను.

"రాసినవా?"

"టైం అయిపోయిందమ్మా," అని ఆమె జీపెక్కింది.

మోపు ఇవతలే ఉంది. దానికోసం మళ్లీ దాటాను.