వాసన లేని మందు

ఈ రోజు ఎల్బీనగర్‌లోని మా విత్తనాల షాపుకి నల్గొండ వైపు నుంచి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. ఎండిపోతున్న టమాటా మొక్కను చూపించారు. వేర్ల నిండా బుడిపెలు, నులిపురుగుల పని. ఆ పురుగులను చంపే శిలీంధ్రం పొడి ఇచ్చి, పశువుల ఎరువులో కలిపి వేయమన్నాను. ఆయన వాసన చూసి పెదవి విరిచాడు.

"గిదేం మందు సార్? జర ఘాటు గుళికలే ఇయ్యుండ్రి."

"గుళికలు సల్లి నువ్వు బాయికాడ కూసుంటవ్. వట్టి కాళ్లతోని కలుపుకు దిగేది నేను. తల తిరుగుతది నాకు," అందామె.

ఇది బతికున్న మందు, ఎండ తగలనీయొద్దని నేను చెబితే, ఆయన ప్యాకెట్‌ను తన తువ్వాలులో చుట్టుకుని బయల్దేరాడు.

ఘాటు లేనిది మందే కాదనేవాళ్లు మీ ఇంట్లోనూ ఉన్నారా? వాళ్లకు నచ్చజెప్పేదెవరు?